ఎంబీఏ సరే, కింద డిగ్రీ ఉందా?

సైట్‌లో పదేళ్లు ఎండలో నిలబడి పని నేర్చుకుంటాం. పై పోస్టు మాత్రం ఎంబీఏ ఉన్నవాడికి పోతుంది. ఈ బాధ తెలిసిన ఏజెంటు ‘డిగ్రీ అక్కర్లేదు, ఆరు నెలల్లో ఎంబీఏ’ అనగానే మనవాళ్లు డబ్బు కట్టేస్తున్నారు.

1908లో మొదలైన హార్వర్డ్ ఎంబీఏ నేటికీ రెండేళ్లే. ఫ్రాన్స్‌లోని ఇన్సియాడ్‌లో పది నెలలు. హైదరాబాద్ ఐఎస్‌బీలో ఏడాది, అదీ పేరుకు ఎంబీఏ పట్టా కాదు. గడువు తగ్గినా, అంతటా మామూలుగా ముందు డిగ్రీ అడుగుతారు. బ్రిటన్‌లో కొన్ని యూనివర్సిటీలు అనుభవం చూసి డిగ్రీ లేనివాళ్లనూ చేర్చుకునే మాట నిజమే. ఆ పట్టా ఇంకో దేశంలో చెల్లుతుందా అన్నది వేరే లెక్క. మా రూమ్మేటు ఒకడు ఏజెంటు ఇప్పించిన సర్టిఫికెట్ అటెస్టేషన్‌కు తీసుకెళ్తే, కింద డిగ్రీ ఏదని తిప్పి పంపారు.

మన పాలిటెక్నిక్ మూడేళ్ల చదువే అయినా డిప్లొమానే, డిగ్రీ కాదు. ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. కానీ ఉద్యోగం మానేసి ఊళ్లో కూర్చుంటే అప్పు ఎవరు తీరుస్తారు? ఇక మిగిలింది దూరవిద్య. మూడేళ్ల డిగ్రీ, ఆపైన ఇగ్నో ఎంబీఏ రెండేళ్లు, మొత్తం అయిదేళ్లు. అయితే దూరవిద్య పట్టాను మనం పనిచేసే దేశంలో ఒప్పుకుంటారో లేదో ఫీజు కట్టకముందే అడగాలి. యూనివర్సిటీ పేరు యూజీసీ జాబితాలో ఉందో లేదో ఏజెంటు ఫోన్లో కాదు, మన ఫోన్లోనే చూసుకోవాలి.