తాడు పట్టే బావమరిది ఎక్కడ?

"బావ బతుకు కోరేవాడు బావమరిది" అన్న మాట మనం పెళ్లిళ్లలో నవ్వుకోడానికే వాడుతుంటాం. పెళ్లికూతురి తమ్ముడు బట్టలు పెట్టించుకునే వేళ ఏ పెద్దావిడో ఆ మాట అనడం, పందిరంతా ఘొల్లుమనడం మామూలే. కానీ నల్లమలలో చెంచుల దగ్గర అది నవ్వులాట మాట కాదు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని అమ్రాబాద్ కొండలు (2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చాయి) నిలువునా కోసినట్టుంటాయి. ఆ చరియల కింద పట్టిన తేనె తీయాలంటే మనిషి పైనుంచి తాడు మీద దిగాలి. తాడు పై కొసను చెట్టుకు కట్టినా, దగ్గరుండి కాపలా కాసేవాడు మాత్రం బావమరిదే అయి ఉండాలని వాళ్ల ఆచారమని చెబుతారు. సొంత అన్నదమ్ముల్ని కూడా నమ్మరట! కారణం అడిగితే సూటిగా చెబుతారు. తాడు తెగితే బావమరిదికి పోయేది తోడబుట్టినదాని పసుపు కుంకుమలు. అందుకని వాడు రెప్ప వాల్చడు.

అన్నదమ్ముల మీద అంత అపనమ్మకం దేనికని మీరు అడగొచ్చు. ఆ సంగతి అలా ఉంచండి. నాకు నచ్చిందేమిటంటే, తాడు పట్టేవాడిని బలం చూసి ఎంచుకోలేదు, పోగొట్టుకునేది ఉన్నవాడా కాదా అని చూసి ఎంచుకున్నారు. ఆ ఎంపిక ఒక ఆడదాని మెడలో తాళిని బట్టి జరిగింది.

ఇదంతా నాకు భువనగిరి గుట్ట దగ్గర గుర్తొచ్చింది. మా అమ్మాయి కాలేజీ స్నేహితులతో కలిసి బండలెక్కడం నేర్చుకుంటానని పేరిచ్చింది. "ఆడపిల్లకి ఈ కోతి చేష్టలేమిటి?" అని మా అత్తగారు, "పెళ్లి కావలసిన పిల్ల, కాలో చెయ్యో విరిగితే?" అని పక్కింటావిడ. మా వారు మాత్రం పేపరు చాటున దాక్కున్నారు. సరే, తేల్చుకుందామని నేనే వెంట వెళ్లాను. 

భువనగిరి గుట్ట హైదరాబాదు నుంచి వరంగల్ వెళ్లే దారిలో యాభై కిలోమీటర్ల లోపే. బస్సులోంచి మనం ఎన్నిసార్లు చూడలేదు! ఐదు వందల అడుగులకు పైబడిన ఏకశిల. పైన చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీద వెలిసిన కోట. నల్గొండ జిల్లాలో ఉండేది, 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లా అయింది. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం వైపు అబ్బాయి ఆనంద్ కుమార్ మొదట కాళ్లు ఆనించింది ఈ బండ మీదే. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు వాళ్లు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కేసరికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఇంతకీ ఆ పిల్లను పంపిన తల్లి ఎంత గుండె చిక్కబట్టుకుందో కదా! 

యాంకర్ అనగానే మనకు టీవీలో గలగలా మాట్లాడే అమ్మాయే గుర్తొస్తుంది. బండలెక్కేవాళ్ల యాంకర్ నోరు విప్పదు. తాడును బండకు కట్టి ఉంచే ఆధారాన్ని వాళ్లు అలా అంటారు. బండకు రంధ్రం తొలిచి బోల్టు దిగ్గొడతారు, లేదా కదలని గుండుకు పట్టీ చుడతారు. ముందు బండను సుత్తితో తట్టి చెవి పెట్టి వింటారు. మన నల్లరాయి ఉల్లిపాయలాగా పొరలు పొరలుగా ఊడే రకం. పొర కింద డొల్ల ఉంటే శబ్దంలో తేలిపోతుంది. సంతలో కుండ కొనేటప్పుడు మనం వేలితో కొట్టి చూడమూ, అదే విద్య!

ఒక్క బోల్టును మాత్రం ఎప్పుడూ నమ్మరు. కనీసం రెండు, ఒకదానితో ఒకటి సంబంధం లేనివి. ఒకటి ఊడినా రెండోది పట్టాలి. ఆ రెంటి నుంచీ వచ్చే పట్టీలు మరీ ఎడంగా ఉండకూడదట. ఎందుకో నాకు అర్థం కాలేదు. నేర్పే అబ్బాయి అన్నాడు, "అమ్మా, బిందె చెవులకు తాడు కట్టి ఇద్దరు చెరో కొస పట్టుకున్నారనుకోండి. పక్కపక్కన నడిస్తే బరువు చెరిసగం. ఎడంగా జరిగేకొద్దీ చేతులు లాగేస్తాయి కదా?" రెండు పట్టీల మధ్య కోణం 120 డిగ్రీలయితే ఒక్కోదాని మీదా మొత్తం బరువు పడుతుంది. అందుకే 60 దాటనివ్వరు. ఉమ్మడి కుటుంబంలో తోడికోడళ్ల సంగతి చటుక్కున తట్టి నవ్వొచ్చింది గానీ, అది ఇంకో వ్యాసం!

అక్కడ నన్ను కట్టిపడేసింది మాత్రం వాళ్ల పరాచికాలు. ఏళ్ల తరబడి ఎక్కుతున్నవాళ్లు, తల నెరిసినవాళ్లు కూడా ఉన్నారు. ఒకాయన నడుముకు పట్టీ బిగించుకుని లేవబోతుంటే ఇరవై ఏళ్ల కుర్రాడు అడ్డం నిలబడ్డాడు.

"అన్నా, నీ బకిలు చూపియ్యి."

"నాకే చెప్తున్నవారా? నువ్వు పుట్టకముందుకెళ్లి ఎక్కుతున్న."

"అందుకే అన్నా, పాత సామాను ముందుగాల చూస్కోవాలె."

అందరూ పగలబడి నవ్వారు. నవ్వుతూనే ఆ పెద్దాయన ముడి చూపించాడు, కొక్కెం మర బిగించి ఉందా అని చూపించాడు, తరవాత ఆ కుర్రాడి ముడి తను లాగి చూశాడు. ఒకరినొకరు చూడకుండా ఎవరూ నేల వదలరు. ఎంత కొమ్ములు తిరిగినవాడికైనా ఇదే పద్ధతి. పరాచికం ఎందుకు పుట్టిందో అప్పుడు తెలిసింది. పెద్దవాణ్ణి చిన్నవాడు ప్రశ్నించాలి, పెద్దవాడికి కోపం రాకూడదు. ఆ ఇబ్బందిని నవ్వు తీసేస్తోంది. 

ఇప్పుడు ఇంకో నవ్వు సంగతి చెబుతాను. మా పుట్టిల్లు నల్గొండ వైపు పల్లె. తాటి వనాల ఊరు. గీత కార్మికులు మోకు నడుముకు, చెట్టుకు కలిపి చుట్టుకుని, కాళ్లకు బందం వేసుకుని యాభై అరవై అడుగులు ఎక్కడం చిన్నప్పట్నుంచీ చూశాను. ఒక చెట్టు కాదు, ఒక పూట కాదు. వానకు నాచు పట్టిన చెట్టైనా లొట్టి దించక తప్పదు. మోకు చెట్టుకు రాసుకుని రాసుకుని అరుగుతుంది. ఆ మోకుకు తోడు రెండోది లేదు. అది తెగితే ఇంకేం లేదు. "భయం కాదా మామా?" అని అడిగితే, "కాటమయ్య సూస్కుంటడు బిడ్డా! పడితె ఒక్కసారే, మల్ల మల్ల పడుతమా?" అని నవ్వేవారు. మండువా కాడ కూడా అవే పరాచికాలు. ఈ నవ్వుకీ భువనగిరి నవ్వుకీ ఎంత తేడా! ఆ నవ్వు ముడి చూసేందుకు, ఈ నవ్వు ముడి గురించి ఎవరూ అడగకుండా ఉండేందుకు.

మా ఊళ్లో చెట్టు మీంచి పడి నడుము విరిగినాయన పదకొండేళ్లు మంచంలో ఉన్నాడు. చచ్చిపోతే పరిహారం, పేపర్లో వార్త. బతికితే? ఆవిడే బీడీలు చుట్టి, కూలికి పోయి, ఆయనకు పక్క మార్చి, ఇద్దరు పిల్లల్ని ఒక దరికి చేర్చింది. ఆ పదకొండేళ్లలో ఆవిడ నవ్వగా నేను చూడలేదు.

భువనగిరి చుట్టూతా తాటి వనాలే. గుట్ట మీద సరదాకు ఎక్కేవారికి రెండు బోల్టులు, మర కొక్కెం, తలకు టోపీ. గుట్ట కింద పొట్టకూటికి ఎక్కేవారికి ఒక్క మోకు. ఈ రెంటి మధ్యా దూరం నాలుగు మైళ్లు కూడా లేదు! ఆ తాడు గుట్ట దిగి చెట్టు దాకా నడిచి రావడానికి 2024 దాకా పట్టింది. ఆ ఏడు జులై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి "కాటమయ్య రక్షణ కవచం" పంపిణీ మొదలుపెట్టారు. దాని తయారీలో పర్వతారోహకుల చెయ్యి ఉంది. సూత్రం అదే, కాలు జారితే పట్టీ చెట్టుకు బిగుసుకుని మనిషి ఉన్నచోటే వేలాడాలి. దేవుడి పేరు పెట్టడం కూడా తెలివైన పనే. కాటమయ్య చూసుకుంటాడన్న వాడికి, కాటమయ్యే పంపించాడని చెప్పొచ్చు!

కానీ కవచం ఇంట్లో మేకుకు వేలాడితే ప్రయోజనం ఏముంది? మొన్న పుట్టింటికి వెళ్లినప్పుడు విన్నాను. "ఇది కట్టుకునే సరికి రెండు చెట్లు ఎక్కొస్త," అని ఒకరు, "పసిపోరగాండ్ల ఊయల లెక్కుంది," అని మరొకరు. మొదటి మాట కొట్టిపారేయలేం. పూటకు ఇన్ని చెట్లని లెక్క ఉన్నవాడికి ఆలస్యం అంటే కూలి తగ్గడమే. అలవాటయితే వేగం వస్తుందంటారు, ఆ అలవాటయ్యే దాకా నష్టం ఎవరు భరించాలో ఆలోచించాలి. రెండో మాటకు మాత్రం నేను ఒప్పుకోను. అది మగతనం మాట.

శిక్షణకు మగవాళ్లతో పాటు ఆ ఇంటి ఆడవాళ్లనూ పిలవాలంటాను. ఈ మాటంటే మా స్నేహితురాలు మండిపడింది. "బండి మీద హెల్మెట్ గుర్తుచేయడం మనమే, బీపీ మాత్ర అందించడం మనమే, ఇక తాడూ మన మెడకేనా?" అంది. ఆమె కోపంలో న్యాయం ఉంది. ముడి చూడాల్సింది చెట్టు కింద ఉండే తోటి గీత కార్మికుడే, భార్య కాదు. అయినా ముడి ఎలా ఉండాలో ఆవిడకు తెలిస్తే తప్పేముంది? నల్లమలలో తాడు పట్టింది ఆమె తమ్ముడు. మా ఊళ్లో ఆమె తరఫున ఒక్కరూ లేరు. మహిళా సంఘం మీటింగులో ఒక్క గంట, చెట్టు కిందే చూపిస్తే చాలు.

అన్నట్టు మా అమ్మాయి ఎక్కింది. సగంలో కాళ్లు వణికాయి, పైకే వెళ్లింది. మా అత్తగారు ఫొటో చూసి, "ఆ తాడు గట్టిదేనా?" అని మాత్రం అడిగారు. అడగాల్సిన ప్రశ్న అదే కదా! 

ఆ ప్రశ్నే నేను అధికారుల్నీ అడుగుతున్నాను. నైలాన్ తాడుకూ, పట్టీకీ ఆయుష్షు ఉంటుంది. ఎండకు చివుకుతుంది, రాపిడికి పోగులు లేస్తాయి. భువనగిరిలో అనుమానం వచ్చిన తాడును పక్కన పడేస్తారు. పల్లెలో మనం తాడు పడేస్తామా? బర్రెకు కట్టేదాకా, నీళ్లు తోడేదాకా వాడతాం. మొదటి కవచం ఇచ్చిన రోజు ఫొటోలు దిగారు, బాగుంది. పోగులు లేచిన కవచం తీసుకుని రెండోది ఎవరిస్తారు, ఎన్నేళ్లకు ఇస్తారు, అది అరిగిందో లేదో చూసి చెప్పేవాళ్లు మండలానికి ఒక్కరైనా ఉంటారా?