చిన్న సంతోషములు

వార్షిక సంచికయందు పరీక్షల ఫలితములును, ఆటల పందెములలో గెలిచిన బహుమానములును, క్రొత్తగా కట్టిన గదుల వివరములును ప్రతి సంవత్సరము అచ్చగుచుండును. అవి యుండవలసినవే. అయితే ఆ పట్టికలలో దేనియందును చేరని ప్రశ్న యొకటి కలదు. మన బాలురును బాలికలును ఈ సంవత్సరమున ఎంత సంతోషముగా నుండిరి? దీనిని గూర్చి మాకు తోచిన నాలుగు మాటలు విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, మా తోడి యుపాధ్యాయులకును మనవి చేయదలచితిమి.

కొంతకాలము క్రిందట తొమ్మిదవ తరగతి పిల్లలకు "నాకు సంతోషము కలిగించునది" అను విషయమిచ్చి వ్యాసము వ్రాయుమంటిమి. పెక్కుమంది మొదటి ర్యాంకు వచ్చిననాడు సంతోషింతుమనియు, డాక్టర్లో ఇంజనీర్లో అయిననాడు సంతోషింతుమనియు వ్రాసిరి. ఒక్క బాలుడు మాత్రము, వేసవిలో తాతతో కూడ చెట్టు నీడను కూర్చుండి తాటి ముంజలు తినుట తనకు సంతోషమని వ్రాసి, చివర "ఇది సరియైన జవాబు కాదేమో, క్షమింపుడు" అని చేర్చెను. ఆ క్షమాపణము చదివి మేము సిగ్గుపడితిమి. సంతోషమనునది పెద్దవారమైన పిమ్మట దొరకునదనియు, నేటి చిన్న సంతోషములు చెప్పుకొనదగినవి కావనియు ఆ బాలునకు నేర్పినవారము మనమే కదా!

మా యభిప్రాయమిది. చిన్న సంతోషములు పెద్దలు పంచిపెట్టునవి కావు. అవి పిల్లలకు తామై దొరకును. కాని వానిని తీసివేయు శక్తి మాత్రము పెద్దలకు కలదు. మేమును అట్లు తీసివేసినవారమే.

ముందుగా పుస్తక పఠనమును గూర్చి చెప్పెదము. మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాల విడిచి క్రొత్తగా పనిలో చేరిన సంవత్సరమున, లెక్కల పుస్తకము క్రింద కథల పుస్తకము దాచుకొని చదువుచున్న యొక బాలుని పట్టుకొంటిమి. పుస్తకము లాగుకొని బీరువాలో పెట్టి తాళము వేసితిమి. లెక్కల గంటలో లెక్కలే చేయవలెననుట న్యాయమే. కాని సాయంకాలము దానిని తిరిగి ఇయ్యవలెనను జ్ఞాపకము మాకు లేకపోయెను. అది ఊరి గ్రంథాలయపు పుస్తకము. వాని తాత తన కూలి డబ్బులలోనుండి దాని వెల చెల్లించెనని మరుసటి సంవత్సరము తెలిసినది. ఆ పైకమును మేము తిరిగి ఇచ్చివేసితిమి గాని, ఆ బాలుడు మరల గ్రంథాలయపు మెట్లు ఎక్కలేదు.

చదువుటయందలి సంతోషమును మన పూర్వులు తక్కువగా ఎంచలేదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశమునందలి గ్రంథాలయముల ప్రతినిధులు సమావేశమైరి. అయ్యంకి వెంకటరమణయ్యగారు అందులకై పాటుపడగా, చూపు లేని చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అధ్యక్షత వహించిరి. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము స్థాపింపబడెను. 1935లో పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవలో పెట్టి కాలువ వెంబడి పల్లెలకు పంపిరి. ఆ పడవనుండి పుస్తకము తీసికొన్న రైతునకు ఏ పరీక్షయందును మార్కులు రావు. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట దీపము వెలుగున నాలుగు పుటలు చదువుకొనుటయే వానికి లాభము. ఆ లాభము చాలునని తలచి ఇందరు పెద్దలు తమ కాలమును ధనమును వెచ్చించిరి. మనము మాత్రము పాఠ్యపుస్తకము కాని పుస్తకము పిల్లవాని చేత కనబడిన "కాలము పాడుచేయుచున్నా" వందుము.

ఇక ప్రయాణపు భోజనమును గూర్చి. మా బాల్యమున వేసవి సెలవులలో రాజమండ్రినుండి నెల్లూరికి, అమ్మమ్మగారింటికి, రైలులో పోవుచుంటిమి. మా అమ్మగారు తెల్లవారుజామున మూడు గంటలకే లేచి పులిహోర కలుపుచుండిరి. చింతపండు పులుసును, నూనెయు, ఉప్పును, పసుపును పట్టిన అన్నము త్వరగా చెడదు. దానిని వెడల్పు పళ్లెములో ఆరబెట్టి, వేడి పోయిన తరువాత ఆకులో కట్టినచో, ఆవిరి చెమ్మ చేరక సాయంకాలము వరకు నిలుచును. పెరుగన్నములో పెరుగు ఒక్క గరిటెడే వేసి, తక్కినది కాచి చల్లార్చిన పాలు పోయుదురు. అది దారిలో తోడుకొని, మధ్యాహ్నము బెజవాడ చేరు వేళకు పులియక కమ్మగా నుండును. ఈ శాస్త్రమంతయు మా అమ్మగారికి ఏ కళాశాలయు నేర్పలేదు. పిల్లలమైన మాకు బండి గోదావరి దాటి కొవ్వూరు చేరకముందే ఆకలి వేయుచుండెను!

ఎదుటివారికి పెట్టక తినుట మర్యాద కాదని మా యింట నియమము. ఒకమారు మా అమ్మగారు పొట్లము విప్పి ప్రక్కనున్న పెద్దమనిషికి అందింపబోగా, ఆయన చేయి చాచెను. చాచి, మాటలలో మా తండ్రిగారి పేరును మా పేటయు అడిగి తెలిసికొని, చేయి వెనుకకు తీసికొని, తనకు ఆకలి లేదనెను. మా అమ్మగారు ఏమియు అనలేదు. పొట్లము ఒడిలో పెట్టుకొని కిటికీవైపు చూచుచుండిరి. అప్పుడు ఎదుటి బల్లపై నున్న యొక వృద్ధురాలు, జరిగినదంతయు చూచినదే, "నాకో ముద్ద పెట్టమ్మా, పొద్దుటినుంచి ఏమీ తినలేదు" అని అరచేయి చాపెను. తిని, తన మూటలోని జంతికలు తీసి మా చేతులలో పోసెను. ఆమెది ఏ యూరో, ఏ కులమో మేమెరుగము. ఆమె పుచ్చుకొనినప్పుడు మా అమ్మగారి ముఖమున కనబడిన సంతోషము మాకు నేటికిని జ్ఞాపకమున్నది. ఇచ్చుట దానమని అందరును ఎరుగుదురు. ఒకరు పెట్టినదానిని గౌరవముతో పుచ్చుకొనుటయు దానమేనని మేము ఆనాడు ఆ బండిలో నేర్చుకొంటిమి.

దానమన్నపుడు డొక్కా సీతమ్మగారు (1841-1909) స్మరణకు రాకమానరు. కోనసీమయందలి లంకల గన్నవరమున ఆమె యింటికి ఏ వేళ వచ్చినవారికైనను అన్నము దొరకుచుండెను. ఆ యూరి యొద్ద గోదావరి పాయపై కట్టిన అక్విడక్టునకు నేడు ఆమె పేరే కలదు. అంతటి దానము అందరికిని సాధ్యము కాదు. మా నాయనమ్మ పొయ్యిమీద ఎసరు పెట్టి బియ్యము కొలుచునప్పుడెల్ల ఒక పిడికెడు తీసి వేరు కుండలో వేసి, నెల చివర ఆకలిగొన్నవారికి ఇచ్చుచుండెను. ఆ పిడికెడు కుండలో పడిన చప్పుడు విని చిన్నవారమైన మేము నవ్వుకొనువారము. ఆ పని మాచే చేయించుటకు ఒకరితో నొకరము పోట్లాడుకొనువారము కూడ.

ఇట్టి యింట పెరిగియు మేము రెండవ తప్పు చేసితిమి. ఒక సంవత్సరము వరద బాధితులకై చందాలు ప్రోగుచేయునప్పుడు, మా తరగతిలో ఎవరెంత తెచ్చిరో పేర్లతో సహా నల్లబల్లపై వ్రాసితిమి. పోటీ కలిగిన సొమ్ము హెచ్చుగా వచ్చునని మా యూహ. హెచ్చుగానే వచ్చినది. కాని ఒక బాలిక మూడు దినములు బడికి రాలేదు. నాలుగవ దినమున వచ్చి, ఉతికి మడిచిన తన లంగాలు రెండు మా బల్లపై పెట్టి, "వీటిని ఎంత అని రాస్తారండీ?" అని అడిగెను. మేము లేచి నల్లబల్ల తుడిచివేసితిమి. కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన బీద విధవరాలి కథను ఎన్నిమారులో బోధించిన మాకు, ఆమె పేరు ఎక్కడను వ్రాయబడలేదన్న సంగతి ఆనాడు గాని స్ఫురింపలేదు. అప్పటినుండి మా తరగతిలో మూతవేసిన పెట్టె మాత్రమే యుండును.

చేతిలోని ఫోనును సంతోషమే ఇచ్చుచున్నది గదా యని పిల్లలు అడుగుదురు. ఇచ్చుచున్నది. అయితే అన్నము ముందు పెట్టుకొని, దాని ఫోటో తీసి పదిమందికి పంపి, వారు మెచ్చిరా లేదా యని చూచుచు కూర్చున్నవానికిని, మా నల్లబల్లకును భేదము లేదు. కొలతకు లోబడిన సంతోషము మన చేతిలో నుండక చూచువారి చేతిలోనికి పోవును.

"ఈ ముచ్చటలు కడుపు నింపునా? మార్కులు లేక ఉద్యోగ మెట్లు వచ్చును?" అని తలిదండ్రులు కొందరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. బీదవానికి చిన్న సంతోషములే చాలునని, పైకి రావలసిన పని లేదని మేము చెప్పుట లేదు. అట్టి మాట క్రూరము. చదువవలెను, ఉద్యోగము సంపాదింపవలెను. కాని పదునాలుగేండ్లు సంతోషమును వాయిదా వేయుటయే నేర్చుకొన్నవాడు, జీతము వచ్చిన పిమ్మట దానిని ఎచ్చట వెదకవలెనో ఎరుగడు. అలవాటు లేని చేయి ఇయ్యజాలదు; అలవాటు లేని కన్ను చదువజాలదు.

కావున తలిదండ్రులకు మా మనవి ఇది: దినమున కొక్క అరగంట మీ పిల్లవాడు తనకు నచ్చిన పుస్తకము చదువుకొననిండు, ఏమి చదివితివని పరీక్షింపకుడు. ప్రయాణమునకు పోవునప్పుడు ఒక పొట్లము హెచ్చుగా కట్టుడు. మా తోడి యుపాధ్యాయులకు మనవి: తీసికొన్న పుస్తకము సాయంకాలము తిరిగి ఇండు, చందా పట్టీ పైకి చదువకుడు. విద్యార్థులారా, మీకు చెప్పవలసినది ఒక్కటే. తాటి ముంజలను గూర్చి వ్రాసినందుకు ఎవరిని క్షమాపణము అడుగ నక్కరలేదు. ఆ జవాబునకు మేము ఇచ్చిన మార్కులు తక్కువ. ఆ బాలుడు ఈ పుటలు చదివినచో, అవి మా పొరపాటని ఎరుగునుగాక.