పసిబిడ్డలున్న పడవకు వల కట్టవలసిందే

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో తీరనగరాలలో స్థిరపడి, సెలవు దినాలలో తెరచాప పడవ మీద విహరించే తెలుగు కుటుంబాలు నేడు మనకు వింత కాదు. ఆ విహారానికి రెండేళ్ళ, మూడేళ్ళ బిడ్డలను వెంట తీసుకువెళ్ళే తల్లిదండ్రులను ఉద్దేశించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పడవ అంచుల వెంట రక్షణ వల కట్టించారా అని అడిగినప్పుడల్లా నాకు వినవచ్చే సమాధానం ఒక్కటే: "ఎందుకండీ డాక్టరుగారూ, మేము చూస్తూనే ఉంటాం కదా!" ఈ మాటను నేను ఏమాత్రం అంగీకరించను. పిల్లలను ప్రేమించేవారే ఈ మాట అంటారు గనుక దీనిని ఖండించడం మరింత అవసరం.

ముందు ఆ అంచు ఎలా ఉంటుందో చూడండి. డెక్కు చుట్టూ ఉక్కు గుంజలు నిలిపి, వాటి గుండా సాధారణంగా రెండు తీగలు లాగుతారు. సముద్ర పందాల నిబంధనలు పై తీగకు కోరే కనీస ఎత్తు 60 సెంటీమీటర్లు. పెద్దవారికి అది మోకాలికి కాస్త పైన తగులుతుంది. కింది తీగ ఇంచుమించు దానికి సగం ఎత్తులో ఉంటుంది. అంటే తీగకూ తీగకూ నడుమ దాదాపు 30 సెంటీమీటర్ల ఖాళీ. రెండేళ్ళ బిడ్డ అందులోనుంచి నిరాటంకంగా దూరిపోగలడు. పైగా ఆ వయసులో శరీరపు పొడవులో తల వంతు దాదాపు ఐదింట ఒకటి; అంచు మీదుగా వంగి నీటిలోకి తొంగి చూసిన బిడ్డను తల బరువే ముందుకు లాగుతుంది. గాలికి పడవ ఒకవైపు ఒరిగినప్పుడైతే డెక్కంతా జారుడుబల్ల అవుతుంది. ఆ తీగలను పెద్దల కోసం అమర్చారు. వాటిని చూసి పిల్లల విషయంలో నిశ్చింతగా ఉండడం తగదు.

ఇక "చూస్తూనే ఉంటాం" అన్న మాట సంగతి. తెరచాప పడవ నడిపేవారికి చేతులూ కళ్ళూ రెండూ పనిలోనే ఉంటాయి. గాలి మళ్ళుతుంది, తాడు లాగాలి, చాప సర్దాలి. అంతలో బిడ్డ జారితే కేక వినబడుతుందని మీరు భావిస్తారు. వినబడదు. న్యూయార్క్ తీరంలో లైఫ్‌గార్డుగా పనిచేసిన ఫ్రాంక్ పియా మునిగేవారిని దీర్ఘకాలం పరిశీలించి చెప్పిన విషయం ఇది: నిజంగా మునుగుతున్న మనిషి అరవలేడు, చేయి ఊపలేడు. ఊపిరికే చాలని నోరు కేకకు ఎక్కడ చాలుతుంది? పెద్దవారైతే 20 నుండి 60 సెకన్లలో నీటి అడుగుకు పోతారు. పసివారికి అంత వ్యవధి కూడా ఉండదు. ఆ పిమ్మట ప్రాణవాయువు అందని మెదడు నాలుగైదు నిమిషాలలో దెబ్బతినడం మొదలవుతుంది. పడవ సామాన్య వేగం గంటకు 11 కిలోమీటర్లు అనుకుందాం. అంటే సెకనుకు మూడు మీటర్లు. మీరు ఇరవై సెకన్ల తరువాత వెనుదిరిగి చూసినా బిడ్డ 60 మీటర్ల వెనుక, అలల నడుమ కొబ్బరికాయంత తలతో ఉంటాడు. తెరచాప పడవకు కారులా బ్రేకు ఉండదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారు. వారిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ళలోపు పిల్లలు. వీరిలో అత్యధికులు పేద దేశాల చెరువులలో, కాలువలలో పోయినవారే తప్ప విహార నౌకల మీద ఉన్నవారు కారు. కాని మునిగే తీరు మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

వల వద్దనేవారి వాదాలు లేకపోలేదు. పడవ అందం చెడుతుందంటారు. దానికి నేను జవాబు చెప్పను. "మేము చిన్నప్పుడు వల లేకుండానే పెరిగాం" అంటారు. నిజమే, పెరిగినవారే వచ్చి ఆ మాట అనగలరు. మునిగిపోయినవారు సాక్ష్యం చెప్పడానికి రారు. ఇక మూడవ వాదం గట్టిది: వల ఉన్నదన్న ధీమాతో పెద్దలు ఏమరుపాటు చెందుతారని. ఆ ప్రమాదం ఉన్నది, నేను కాదనను. అయితే దోమతెర కడితే ఇంటి చుట్టూ నీటి గుంటలు పూడ్చడం మానేస్తారన్న భయంతో ఏ వైద్యుడైనా దోమతెర వద్దంటాడా? తెరా కట్టమంటాడు, గుంటలూ పూడ్చమంటాడు.

కనుక వల కట్టారని బిడ్డ ఒంటి మీది లైఫ్ జాకెట్ విప్పకండి. అమెరికాలో కదులుతున్న విహార పడవ డెక్కు మీద 13 ఏళ్ళలోపు పిల్లలు జాకెట్ ధరించి తీరాలని సమాఖ్య నిబంధనే ఉన్నది. చట్టం అక్కడితో ఆగింది. లంగరు వేసి నిలిపిన పడవ మీద కూడా తొడగమని నేనంటాను. కాళ్ళ మధ్యగా పోయే పట్టీ బిగించకపోతే నీటిలో జాకెట్ పైకి తేలి, బిడ్డ కిందికి జారిపోవచ్చు.

వల అంటే ఏదో ఒక వల కాదు. హైదరాబాదు అపార్టుమెంట్ల బాల్కనీలకు పావురాల కోసం కట్టే పలుచని వలలను పిల్లలకు రక్షణగా భావించేవారిని చూస్తున్నాను. ఆ పొరపాటు ఇళ్ళలోనూ వద్దు, పడవ మీదా వద్దు. ముడులు లేని గట్టి అల్లిక కావాలి. వల కన్ను నాలుగైదు సెంటీమీటర్లకు మించకూడదు. పెద్ద కన్నైతే బిడ్డ పాదం పెట్టి నిచ్చెనలా ఎక్కుతాడు. పై తీగకూ, కింద డెక్కు అంచునున్న గట్టుకూ తాడుతో దగ్గరదగ్గరగా అల్లి బిగించాలి. కింది భాగం వదులుగా వదిలితే పాకే పసివాడు దాని అడుగునుంచే పోతాడు. కట్టిన తరువాత గుంజకూ గుంజకూ మధ్య మీ బరువంతా మోపి తోసి చూడండి. పడవలోకి ఎక్కే ద్వారం దగ్గర విడిగా తెరిచి మూసే ముక్క ఉండాలి. చాలామంది మరిచేది అక్కడే. నైలాన్ ఎండకు పెళుసెక్కుతుందని మన జాలరులను అడిగినా చెబుతారు. కనుక ప్రతి విహారరుతువు ఆరంభంలో వల పోగులను గోటితో గీరి చూడండి, పొడి రాలితే మార్చండి. అద్దె పడవైతే బుక్ చేసేటప్పుడే వల కావాలని అడగండి; ముందుగా చెబితే కొన్ని సంస్థలు కట్టి ఇస్తాయి. ఇవ్వమన్నవారి పడవను, పిల్లలు ఎదిగేవరకు, ఎక్కకండి.