రాజీనామాతో రోగం నయం కాదు

2019 ఏప్రిల్ 18వ తేదీన అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ మహిళా బాస్కెట్‌బాల్ జట్టు శిక్షకురాలు సిల్వియా హాచెల్ తన పదవికి రాజీనామా చేశారు. 1986 నుండి ఆ జట్టును తీర్చిదిద్దిన వ్యక్తి ఆమె. 1994లో ఒకే ఒక్క పాయింటు ఆధిక్యంతో ఆ జట్టును జాతీయ విజేతగా నిలిపారు. తన వృత్తి జీవితంలో వెయ్యికి పైగా ఆటలు గెలిపించారు. 2013లో నైస్మిత్ బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం పొందారు. అదే సంవత్సరం ల్యుకేమియా అనే రక్తకాన్సరు బయటపడగా, చికిత్స పొంది, మరుసటి ఏడాది తిరిగి జట్టు బాధ్యత స్వీకరించారు. ఇంతటి కీర్తి, ఇంతటి గుండె నిబ్బరం గల వ్యక్తి, తన క్రీడాకారిణుల పట్ల ప్రవర్తించిన తీరుపై ఆరోపణలు వచ్చిన కారణంగా పదవి వీడవలసి వచ్చింది.

ఆ నెల మొదట్లోనే విశ్వవిద్యాలయం ఆమెను, సహాయ శిక్షకులను సెలవుపై ఉంచి, బయటి న్యాయవాద సంస్థ చేత విచారణ జరిపించింది. క్రీడాకారిణులు, సిబ్బంది కలిపి 28 మందితో మాట్లాడిన ఆ సంస్థ మూడు అంశాలను ఎత్తిచూపింది. మొదటిది, జాతిపరంగా మనసు నొప్పించే మాటలు అనడం, అభ్యంతరం చెప్పిన తరువాత కూడా సకాలంలో సరిగా స్పందించకపోవడం. రెండవది, గాయాలు మొదలైన వైద్య విషయాలలో ఆమె మితిమీరిన ప్రభావం చూపుతున్నారని, ఆడమని ఒత్తిడి పెడుతున్నారని జట్టులో నెలకొన్న అసంతృప్తి. మూడవది, శిక్షకురాలికీ క్రీడాకారిణులకూ మధ్య అనుబంధం తెగిపోవడం.

న్యాయం కోసం మరో రెండు మాటలు కూడా చెప్పాలి. ఆమెను జాతిద్వేషిగా ఆ విచారణ తేల్చలేదు. వైద్యుల అనుమతి లేకుండా ఎవరినీ బలవంతంగా ఆడించే ప్రయత్నం ఆమె చేయరని ఆమె న్యాయవాది స్పష్టంగా చెప్పారు. కనుక ఒక వ్యక్తిని దోషిగా నిలబెట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. పాఠకులారా, పై మూడింటిలో రెండవ అంశం ప్రతి వైద్యుణ్ణీ, ప్రతి తల్లినీ తండ్రినీ నిలిపి ఆలోచింపజేయవలసినది. నేను మాట్లాడదలచినది దాని గురించే.

వైద్యులు లొంగలేదు, అయినా...

ఆ విచారణలో తేలిన మరొక విషయం చాలామంది దృష్టిని తప్పించుకొంది. ఒత్తిడి ఉన్నప్పటికీ జట్టు వైద్య సిబ్బంది దానికి లొంగలేదని, శరీరం సిద్ధం కాకముందే ఎవరికీ ఆడేందుకు అనుమతి ఇవ్వలేదని విచారణ తెలిపింది. అంతకు మూడేళ్ల ముందే, 2016లో, అమెరికా కళాశాల క్రీడల సంస్థ ఎన్‌సీఏఏలోని ఐదు పెద్ద క్రీడా సమాఖ్యలు ఒక నియమం చేసుకున్నాయి. గాయపడిన విద్యార్థి తిరిగి ఎప్పుడు ఆడాలన్నది వైద్య సిబ్బందే నిర్ణయించాలి, ఆ నిర్ణయాన్ని శిక్షకులు ప్రశ్నించరాదు అన్నది దాని సారాంశం. నార్త్ కరోలినా జట్టు ఆడేది ఆ సమాఖ్యలలో ఒకదానిలోనే.

అంటే నియమం ఉంది, వైద్యులు దాన్ని పాటించారు. అయినా అమ్మాయిలలో అసంతృప్తి రగిలింది. ఎందువల్ల?

వైద్యుడి చీటీ ఆటగత్తెను బరిలోకి దిగకుండా ఆపగలదు. దిగనందుకు ఆమె వినవలసిన మాటలను ఆపలేదు. రేపటి ఆటలో ఎవరు ఎన్ని నిమిషాలు ఆడాలో, ఎవరు బెంచీ మీద కూర్చోవాలో నిర్ణయించేది శిక్షకులే. ఆ అమ్మాయి పేరు పత్రికలో కనబడడమూ, వృత్తి క్రీడల్లో భవిష్యత్తూ ఆ నిర్ణయం మీదనే ఆధారపడి ఉంటాయి. ఇంత అధికారం ఒకే చేతిలో ఉన్నప్పుడు, ఆ చేయి గలవారు ఒక్కసారి పెదవి విరిచినా చాలు. పంతొమ్మిదేళ్ల పిల్ల తన నొప్పిని తానే దాచుకుంటుంది. ఆ తరువాత వైద్యుడి దాకా వచ్చేది నిజమైన రోగలక్షణం కాదు, భయం వడకట్టి పంపిన లక్షణం.

నా వాదమంతా ఈ ఒక్క మాటలో ఉంది: భయం రోగి చేత అబద్ధం చెప్పిస్తుంది. రోగి అబద్ధం చెబితే ఎంతటి నిపుణుడైనా, ఎంతటి నిజాయితీపరుడైనా రోగనిర్ధారణలో తప్పిపోతాడు.

కంటికి కనబడని గాయాలు

క్రీడల్లో అత్యంత ప్రమాదకరమైన గాయాలలో కొన్నింటికి మొదటి సాక్ష్యం ఆటగాడి నోటిమాటే. ఉదాహరణకు కంకషన్. తలకు దెబ్బ తగిలినప్పుడు పుర్రె చిట్లకపోయినా, స్కానింగులో ఏ తేడా కనబడకపోయినా, మెదడు పనితీరు కొంతకాలం దెబ్బతినవచ్చు. తలనొప్పి, కళ్ళు తిరగడం, వెలుతురు భరించలేకపోవడం, మతిమరుపు, చిరాకు, నిద్రలో మార్పు దాని లక్షణాలు. అనుమానం ఉన్నా సరే, ఆ రోజు తిరిగి ఆడించరాదన్నది వైద్యలోకం అంగీకరించిన సూత్రం. ఆ తరువాత కూడా అంచెలంచెలుగా, ఒక్కొక్క అంచెకు కనీసం 24 గంటల వ్యవధి ఇచ్చి, లక్షణాలు తిరగబెట్టడం లేదని నిర్ధారించుకుంటూ ఆటకు తేవాలి. మొదటి దెబ్బ నుండి కోలుకోకముందే రెండవ దెబ్బ తగిలితే, అరుదుగానైనా, మెదడు వేగంగా వాచి ప్రాణం పోవచ్చు. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న సామెత ఇక్కడ కేవలం సామెతగా మిగలదు.

మోకాలిలోని ఏసీఎల్ అనే లిగమెంటు సంగతి చూడండి. ఎగిరి దిగుతూ, చటుక్కున దిశ మార్చుకుంటూ ఆడే బాస్కెట్‌బాల్ వంటి ఆటల్లో ఇది తెగే ప్రమాదం పురుషుల కంటే స్త్రీలలో చాలా ఎక్కువ. శస్త్రచికిత్స తరువాత నడవడానికి కొన్ని వారాలు చాలవచ్చు. ఆడడానికి మాత్రం సుమారు తొమ్మిది నెలలైనా ఆగాలి, తొడ కండరాల బలం తిరిగి రావాలి. తొందరపడినవారిలో మళ్ళీ తెగే అవకాశం గణనీయంగా పెరుగుతుంది. నడివయసు రాకముందే కీలు అరిగిపోయే ముప్పు కూడా ఉంది. "చక్కగా నడుస్తోందిగా, ఆడితే ఏం?" అని అడిగేవారికి ఈ తేడా తెలియదు.

మూడవది ఎముకలో వచ్చే సన్నని పగులు. వైద్యులు దీన్ని స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. తొలిదశలో ఎక్స్‌రేలో కూడా కనబడకపోవచ్చు. శ్రమకు తగిన ఆహారం లేని ఆడపిల్లలలో నెలసరి తప్పిపోయి, ఎముకలు పలచబడి, ఇటువంటి పగుళ్ళు వస్తాయి. ఈ శక్తి లోపాన్ని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ప్రత్యేకమైన ఆరోగ్య సమస్యగా గుర్తించి, దానికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. నెలసరి ఆగిన సంగతి శిక్షకుల ముందు చెప్పుకోవడానికి మన పిల్లలలో ఎంతమందికి ధైర్యం ఉంటుందో మీరే ఊహించండి.

ఈ మూడింటిలోనూ "నొప్పిగా ఉంది" అన్న మాటను "నాటకాలాడుతోంది" అని కొట్టిపారేయడం తేలిక. ఆ మాట నమ్మనివారు ఆటను నేర్పుతున్నామనుకోవచ్చు. నిజానికి వారు ప్రమాదాన్ని కప్పిపుచ్చడం నేర్పుతున్నారు.

"కఠినంగా ఉండకపోతే విజేతలు తయారవుతారా?"

ఈ ప్రశ్న తప్పక వస్తుంది. మొక్కై వంగనిది మానై వంగునా అని కూడా అంటారు. కఠోర సాధనకు నేను వ్యతిరేకిని కాను. తెల్లవారుజామున లేపండి, వందసార్లు బంతి వేయించండి, తప్పు చేస్తే మళ్ళీ చేయించండి. అది శిక్షణ. మనిషిని కించపరచడం, గాయాన్ని హేళన చేయడం, నోరు విప్పినవారిని పక్కన కూర్చోబెట్టడం శిక్షణలో భాగాలు కావు. మొదటిది కండరానికి బలమిస్తుంది. రెండవది నిద్ర చెడగొట్టి, ఆందోళననూ కుంగుబాటునూ మిగులుస్తుంది. క్రీడల్లో వేధింపులపై 2016లో వెలువరించిన వైద్య ప్రకటనలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ, మానసిక వేధింపే మిగిలిన అన్ని రకాల వేధింపులకూ మూలమని పేర్కొంది.

"వెయ్యి విజయాలు తెచ్చిన మనిషిని ఇలా పంపుతారా?" అన్నది రెండవ ప్రశ్న. విజయాలు కృతజ్ఞతకు కారణమవుతాయి. ఒక అమ్మాయి మోకాలిపై హక్కునివ్వవు. పైగా, గెలుపుల సంఖ్య పెరిగే కొద్దీ ఎదురు చెప్పగల గొంతులు తగ్గిపోతాయి. కనుక అటువంటి చోట పర్యవేక్షణ పెరగాలి. లోకంలో జరుగుతున్నది దీనికి విరుద్ధం.

వ్యక్తి పోతాడు, వ్యవస్థ మిగులుతుంది

రాజీనామాతో కథ ముగిసిందనుకోవడం ఈ వ్యవహారాలన్నింటిలోనూ జరిగే పెద్ద పొరపాటు. న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయం సంగతి గుర్తు చేస్తాను. అక్కడి పురుషుల బాస్కెట్‌బాల్ శిక్షకుడు మైక్ రైస్ ఆటగాళ్లను తోస్తూ, వారిపైకి బంతులు విసురుతూ, దుర్భాషలాడుతూ ఉన్న వీడియోను అధికారులు 2012లోనే చూశారు. మూడు ఆటల సస్పెన్షన్, 50 వేల డాలర్ల జరిమానాతో సరిపెట్టారు. 2013 ఏప్రిల్ 2న అదే వీడియో టీవీలో ప్రసారమైంది. మరునాడే ఆయనను తొలగించారు. ఆ వీడియోలోని దృశ్యాలు మారలేదు, దెబ్బలు తిన్న పిల్లలూ మారలేదు. చూసేవారి సంఖ్య మాత్రమే పెరిగింది. అధికారులను కదిలించినది పిల్లల బాధ అయితే నాలుగు నెలల ముందే కదిలేవారు.

మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో జరిగినది ఇంకా విషాదకరం. 2018 మే 29న ఫుట్‌బాల్ సాధనలో 19 ఏళ్ల జోర్డాన్ మెక్‌నెయిర్ వడదెబ్బకు గురై, జూన్ 13న మరణించాడు. శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో శరీరాన్ని వెంటనే చల్లని నీటిలో ముంచడం ప్రాణం నిలిపే చికిత్స. అది జరగలేదు. తప్పుకు చట్టపరమైన, నైతికమైన బాధ్యత తమదేనని విశ్వవిద్యాలయం అంగీకరించింది. నోరు విప్పడానికి చాలామంది ఆటగాళ్లు భయపడినందువల్లనే అక్కడి సమస్యలు ముదిరాయని, ఆ తరువాత వేసిన విచారణ సంఘం పేర్కొంది. మళ్ళీ అదే భయం. మూడు చోట్ల మూడు రకాల ఆరోపణలు, వాటి అడుగున ఒకే జబ్బు.

చీము పట్టిన వ్రణంపై కట్టు మార్చినంత మాత్రాన జ్వరం తగ్గదు. శిక్షకులు మారినా, ఆటగాళ్ల శరీరంపై, భవిష్యత్తుపై, నోటిపై అధికారమంతా ఒకే కుర్చీలో మిగిలి ఉంటే కొత్తగా వచ్చినవారూ కొన్నాళ్లకు అదే దారి పట్టవచ్చు.

మన ఇంటి సంగతి

"ఇది అమెరికా గొడవ, మనకెందుకు?" అనుకోకండి. తెలుగు కుటుంబాల పిల్లలు అక్కడి కళాశాలల్లో చదువుతున్నారు, ఆడుతున్నారు. ఇక్కడ మన ఊళ్లలో బ్యాడ్మింటన్, క్రికెట్, కబడ్డీ, అథ్లెటిక్స్ అకాడమీలకు, క్రీడా వసతిగృహాలకు పదేళ్ల పిల్లలను కూడా పంపుతున్నాం. "సార్, మావాడు మాట వినకపోతే నాలుగు తగిలించండి" అని చేతులారా అనుమతి ఇచ్చి వచ్చే తండ్రులు మనలో లేరా? ఆ ఒక్క మాటతో బిడ్డకు ఇంటి తలుపు కూడా మూసుకుపోతుంది. రేపు వాడు ఎవరికి చెప్పుకోవాలి?

మనకు చట్టాలు లేకపోలేదు. 2009 విద్యాహక్కు చట్టం బడి పిల్లలపై శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. 2012 పోక్సో చట్టం ప్రకారం, పద్దెనిమిదేళ్ల లోపువారిపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు ఫిర్యాదు చేయడం తప్పనిసరి. పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం క్రీడా సంస్థలను, స్టేడియంలను, శిక్షణ స్థలాలను కూడా పనిస్థలాలుగానే పరిగణిస్తుంది. అయితే గాయపడిన పిల్లను ఆడించాలా వద్దా అన్నది తేల్చే అధికారం ఎవరిదో మన అకాడమీలను మనం అడగడం లేదు.

ఇకనైనా అడగండి. బిడ్డను చేర్పించే ముందు ఫీజు గురించి, పతకాల గురించి అడిగినంత గట్టిగా ఈ ప్రశ్నలు అడగండి. గాయమైతే తిరిగి ఆడేందుకు రాతపూర్వక అనుమతి ఇచ్చేది ఎవరు? ఆ వైద్యుడు లేదా ఫిజియోథెరపిస్టు శిక్షకుడి కింద పనిచేస్తారా, విడిగా ఉంటారా? తలకు దెబ్బ తగిలితే పాటించే పద్ధతి కాగితం మీద ఉందా? ఎండలో సాధన చేసేటప్పుడు మంచు, చల్లని నీరు సిద్ధంగా ఉంటాయా? శిక్షకుడిపై ఫిర్యాదు ఉంటే, ఆ శిక్షకుడికి తెలియకుండా చెప్పుకునే చోటు ఏది? ఈ ప్రశ్నలకు చిరాకు పడే అకాడమీ ఎన్ని పతకాలు చూపినా అక్కడి నుండి వెనక్కి రండి.

ఇంట్లో మరొకటి చేయాలి. ఆట ముగించి వచ్చిన బిడ్డను "గెలిచావా?" అని అడిగే ముందు "ఎక్కడైనా నొప్పిగా ఉందా? ఎవరైనా ఏమైనా అన్నారా?" అని అడగండి. చెప్పినది నమ్మండి. బాగా తినే పిల్ల తినడం తగ్గించినా, నిద్రపోకపోయినా, ఇష్టంగా వెళ్లే ఆటకు వెళ్లనని మొరాయించినా, దానిని బద్ధకమని తేల్చేయకుండా వైద్యుడికి చూపించండి.

పెద్ద పదవుల్లో ఉన్నవారు రాజీనామా చేసినప్పుడు వార్త అవుతుంది. అంతకు ముందు ఎన్నో సాయంత్రాలు ఒక అమ్మాయి తన మోకాలికి తానే కట్టు కట్టుకుని, "ఏం లేదు, బాగానే ఉంది" అని చెప్పి ఉంటుంది. ఆ మాట అనవలసిన అవసరం మీ బిడ్డకు రాకుండా చూడడం మీ చేతిలో ఉంది.