పసుపు మాదీ, పానా మీదీనా?

అమలాపురంలో మా ఇంటి వెనక కొబ్బరి డొక్కలు పోసుకునే సావిట్లో మా మావగారి సైకిలు ఇరవై ఏళ్ళుగా గోడకి చేరబడి ఉంది. 1968లో కొన్న హెర్క్యులిస్. దాని మీద ఆయన ముక్తేశ్వరం రేవుదాకా వెళ్ళొచ్చేవారు.

పోయిన నెలలో పాత ఇనప సామాన్లతను వచ్చి దాన్ని అటూ ఇటూ కదిపి, "ఆయ్, అన్నీ పట్టేసినయ్యండి. కేజీల్లెక్కన తీసుకుంటానండి" అన్నాడు. మావారు సరేననబోయారు. నేను అడ్డం పడ్డాను. మా పనమ్మాయి కూతురు తొమ్మిదో తరగతి. రోజూ రెండు మైళ్ళు నడిచి బడికి పోతోంది.

"విప్పి చూద్దామండీ" అన్నాను.

"నీకెందుకే ఆ మొరటు పని? మగాళ్ళకే లొంగలేదు!" అన్నారు మావారు.

ఆ మాట మీదే నా గొడవంతా.

ప్రతి దసరాకీ ఆ సైకిలు కడిగి, తుడిచి, పసుపు రాసి, బొట్లు పెట్టి, హ్యాండిలుకి నిమ్మకాయ కట్టింది ఎవరనుకున్నారు? మా అత్తగారు. అన్నేళ్ళలో ఒక్క నట్టు తిప్పమని ఆవిడ చేతికి పానా ఇచ్చిన మహానుభావుడు లేడు. ఆడది సైకిలెక్కితే అప్రతిష్ట అన్న రోజులు ఎలాగో పోయాయి. 1990 దశకం మొదట్లో తమిళనాడు పుదుక్కోట జిల్లాలో, అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నారు. తొక్కడం దాకా ఒప్పుకున్నవాళ్ళు, విప్పడం దగ్గరికొచ్చేసరికి మళ్ళీ మొహం చిట్లిస్తారేం?

దానికి కండబలం కావాలిట! ఊరగాయ సీసా మూత బిగుసుకుపోతే మనం సుత్తి తెస్తామా? వేణ్ణీళ్ళు పోస్తాం, మూత కాస్త వ్యాకోచిస్తుంది, ఊడి వస్తుంది. తుప్పు సంగతీ అంతే. మన సీమలో ఉప్పుగాలి, తేమ రెండూ ఎక్కువే. తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి మరలో ఇరుక్కుని కూర్చుంటుంది. దానికి కావలసింది ఓపిక. నేను దొరికిన కాస్త కిరసనాయిలూ నట్ల మీద చుక్కలు చుక్కలుగా వేసి రెండు రోజులు వదిలేశాను. (కిరసనాయిలు పోసిన చోట నిప్పు జోలికి మాత్రం వెళ్ళకండి.) మూడోనాటికి చక్రాల నట్లు మాట విన్నాయి.

ఎడం పెడలు మాత్రం కదల్లేదు. మావారూ, పక్కింటి తమ్ముడుగారూ అంతకుముందే దాని మీద పానా వేసి ఊగి చూశారుట. ఎటు తిప్పారని అడిగాను. అన్ని నట్లలాగే, గడియారం ముల్లుకి ఎదురుగా! ఎడం పెడలుకి మర తిరగేసి ఉంటుందండీ. తొక్కుతుంటే దానంతటది ఊడిపోకుండా అలా పెట్టారు. ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. అంటే ఇద్దరు మగధీరులు చెమటోడ్చి బిగించినదాన్ని పట్టుకుని తుప్పు అన్నారన్నమాట. నేను ఇటు తిప్పాను, పొడుగాటి గొట్టం పానాకి తొడిగి. కీచుమని వచ్చింది.

క్రాంకుని పట్టుకుని ఉండే కాటరు పిన్ను దగ్గర మాత్రం సుత్తి తప్పలేదు. నట్టు పూర్తిగా తీసేసి కొడితే పిన్ను మర చితికిపోతుంది. అందుకని నట్టుని పిన్ను కొస దాకా వదులుచేసి అలాగే ఉంచాను. క్రాంకు కింద గొట్టం ముక్క దన్ను పెట్టాను. రెండు దెబ్బలు. మా అత్తగారు సైకిలు పట్టుకున్నారు, పడకుండా.

అన్నీ గెలిచానని కోతలు కొయ్యను. సీటు కింద గొట్టం ఎంతకీ రాలేదు, రంపంతో కోయాల్సొచ్చింది. వెనక రిమ్ము చువ్వల దగ్గర పొరలు పొరలుగా రాలింది. అది సామాన్లతనికే.

మిగిలినవి బుట్టలో వేసుకుని సైకిలు షాపుకి వెళ్ళాం. కుర్రాడు పెడలు మరలు చూసి, "చెడకుండా తీశారండీ! ఎవరు విప్పారండి?" అన్నాడు.

"మేమే" అన్నారు మావారు.

ఆ 'మేమే' విన్నాకే ఈ నాలుగు ముక్కలూ రాయబుద్ధయింది. కొత్త రిమ్ము వచ్చాక ఆదివారం సైకిలు బిగిస్తారు. ఎడం పెడలు మాత్రం ఆ పిల్ల చేతే పెట్టించమని కుర్రాడికి చెప్పి వచ్చాను. ఎటు తిప్పాలో దానికి నేర్పాను.