అడవికి సాక్షు లెవరు?

చరిత్ర యనగా రాజులును, యుద్ధములును, శాసనములు నని మనలో పెక్కండ్రు తలంచుచున్నారు. కొండకును చెరువునకును చరిత్ర యేమని నవ్వువారును గలరు. కాని యడవి మాట వచ్చినతోడనే వీరే చరిత్రకారు లగుదురు! ఒకప్పు డంతయు కీకారణ్యమట. పల్లెవాండ్రు కట్టెలు కొట్టి, పోడు చేసి, పాడుచేసిరట. ఈ తీర్పునకు సాక్ష్య మేదని మే మడుగుచున్నాము.

నిజామాబాదు జిల్లాలోని ఇందల్వాయి ప్రాంతమునే చూతము. 44వ జాతీయ రహదారిపై పరుగెత్తువానికి అది యొక టోలుగేటు, ప్రక్కల కొంత యడవి, అంతియే. ఆ జిల్లాలోనే ఆర్మూరు సీమ పసుపునకు పేరెక్కినది. జాతీయ పసుపు బోర్డు కార్యాలయము 2025లో నిజామాబాదునందే వెలసినది. పసుపు దాదాపు తొమ్మిది నెలలు నేలలో పెరిగి, త్రవ్విన పిదప కాగులలో నుడికి, యెండి, మెరుగుపడినగాని సంతకు రాదు. యంత్రములు రాకమునుపు ఆ కాగుల క్రింద మండినది కట్టె. ఆ కట్టె యే గట్టునుండి, యే యడవినుండి, యెవరి హక్కున వచ్చినదో తెలియనిచో పసుపు చరిత్ర సగమే తెలిసినట్లు.

ఈ జిల్లాలోనే కోనసముద్రము కలదు. సముద్రమునకు నూర్లకొలది మైళ్ల దూరమున నున్న పల్లెకు సముద్రమని పేరేల? తెలుగువారు పెద్ద చెరువును సముద్ర మనుట వాడుక. ఆ పల్లె యుక్కుకొరకు పారసీక వర్తకులు వచ్చెడివారు. అచ్చటి యుక్కుపనిని చూచిన హెన్రీ వాయిసీ యను వైద్యుని వర్ణనము 1832లో వంగదేశపు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటితమైనది. 2010లో మన పండితులును, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయమువారును ఉత్తర తెలంగాణమున నూరూరు తిరిగి చిట్టెపు దిబ్బలను, మూసల పెంకులను పరిశీలించిరి.

ఉక్కునకు బొగ్గు కావలెను. బొగ్గునకు చెట్టు కావలెను. కావున కమ్మరులే యడవిని మ్రింగి రందురా? తొందరపడవలదు. తరతరములు కొలిమి యారకుండుటకు చెట్టు మరల చిగిర్చుచుండెనా, లేక కొలిమియే చోటు మార్చుచుండెనా? దిబ్బలోని బొగ్గుముక్క యే జాతి చెట్టుదో, ఎన్నేండ్ల నాటిదో నేడు పరీక్షించి చెప్పవచ్చును. అడుగకయే తీర్పు చెప్పుట న్యాయము కాదు.

ప్రకృతిచరిత్రకారుడు మూడు సాక్ష్యములు విచారించును. మొదటిది నేల: చిట్టెము, బొగ్గు, చెరువు మట్టిలో నిలిచిన పుప్పొడి. రెండవది కాగితము: శిస్తు లెక్కలు, అడవిశాఖ పటములు. మూడవది నోరు: ఊరి పేర్లు, ముసలివారి జ్ఞాపకములు. మన మేమో కాగితము నొక్కటే నమ్ముదుము. ఆ కాగిత మెవరు వ్రాసిరి? బ్రిటిషు ప్రభుత్వము 1864లో అడవిశాఖను నెలకొల్పుటకు ముఖ్యకారణము రైలుపట్టాల క్రింది దూలముల యావశ్యకత. నిజాము రాజ్యమునను అడవిశాఖ హద్దులు గీచినది. ఆ హద్దుల కెదురు నిలిచియే 1940లో జోడేఘాటున కొమరం భీము ప్రాణము లర్పించెను. ఊరివాడు మేతబీడనుదానిని కాగిత మాక్రమణ మనును.

ఈ పొరపాటు మన దేశమున కే పరిమితము కాదు. ఆఫ్రికాలోని గినీ దేశమున పల్లెలచుట్టు నున్న తోపులు, జనులు నరుకగా మిగిలిన యడవి ముక్కలని యధికారులు నూరేండ్లు నమ్మిరి. ఫెయిర్‌హెడ్, లీచ్ అను పరిశోధకులు పాత ఛాయాచిత్రములను, వృద్ధుల మాటలను విచారించి, ఆ తోపులను పెంచినది పల్లెజనులే యని 1996లో గ్రంథముఖమున నిరూపించిరి. పెంచినవాడే దొంగ యయ్యె నన్నమాట!

ఇది పండితుల వినోదము కాదు. 2006 నాటి యటవీహక్కుల చట్టము ప్రకారము గిరిజనేతరుడు 2005 డిసెంబరు 13వ తేదీకి పూర్వము మూడు తరములు, అనగా 75 ఏండ్లు, అడవి నాశ్రయించి యచ్చట నున్నట్లు చూపవలెను. వృద్ధుల వాఙ్మూలమును, బావులును, శ్మశానములును, దేవతాస్థలములును సాక్ష్యములే యని యా చట్టపు నియమములే యొప్పుకొన్నవి. ఆ బావి పూడిపోయి, ఆ వృద్ధుడు గతించిన పిదప పేదవాని పక్షమున పలుకువా రెవరు?

ముసలివారి మాట యబద్ధము కావచ్చునని కొంద రాక్షేపింతురు. కావచ్చును, కాగితమును కావచ్చును. అందుచేతనే మూటిని పోల్చి చూడవలయును. అట్లు చూచినప్పుడు పల్లెవాని తప్పే తేలిన, దానిని దాచుమని మేము చెప్పము. విచారణ లేని శిక్ష కూడదనియే మా వాదము.

విద్యావంతులైన గృహస్థులారా! ఈ పనికి విశ్వవిద్యాలయమే యక్కరలేదు. మీ యింటి వృద్ధుల నడిగి ఊరి బీళ్ల పేర్లు, చెరువుల పేర్లు, పోయిన చెట్ల పేర్లు తేదీతో వ్రాసి యుంచుడు. చిట్టెపు దిబ్బను బాటకు మెరకగా పోయబోవుచో అడ్డుపడుడు. రాజుల చరిత్రకు శాసనము లున్నవి. ఈ చరిత్రకు మనమే సాక్షులము.