విదేశవిద్యయు, ఇంటివారి త్యాగమును

ఈ యేఁడు వేసవి సెలవులకు ముందు పూర్వవిద్యార్థి యొకని తల్లి మన పాఠశాలకు వచ్చినది. అమెరికానుండి మనుమఁడు పంపిన మాటలు ఆమె చేతిలోని ఫోనులో నున్నవి. అవి ఇంగ్లీషున నుండుటచే తెలుఁగు చేసి చెప్పుమని మమ్ము కోరినది. "నాయనమ్మా, నీవు మా యింటికి ఎందుకు రావు?" అని ఆ బాలుని ప్రశ్న. జవాబు ఏమని వ్రాయవలెనని మేమడుగఁగా, ఆమె కొంత తడవు ఊరకుండి, "మోకాళ్లు బాగులేవని వ్రాయండి, అయ్యగారూ" అన్నది. ఆమె మా మేడమెట్లు ఎక్కియే వచ్చినది. కుమారుని చదువునకై ఉన్న యెకరమున్నర పొలము అమ్మిన తల్లి యామె. రమ్మని కుమారుఁడు ఎన్నఁడును పిలువలేదని తరువాత తెలిసికొంటిమి.

ఇట్టివి విన్నప్పుడు పెద్దలు పాశ్చాత్య నాగరికత మన బిడ్డలను పాడుచేసినదందురు. యువకులు, ముందునకు పోవువానికి ఇల్లు సంకెల కారాదందురు. ఈ రెండు మాటలును సగము సత్యములే యని మా యభిప్రాయము.

ఈ సంగతి విచారించుటకు మన ప్రాంతమువారి జీవితము నొకదానిని చూతము. డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 లో భీమవరమున జన్మించిరి. బాల్యమున డబ్బు గడింపఁగోరి, కాశీయాత్రికులకు అరటిపండ్లు అమ్ముదమని ఇల్లు విడిచి పోఁగా, తల్లి వెంకమ్మగారు పట్టి తెప్పించి మరల బడిలో వేసిరందురు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు కృతార్థులైరి. తల్లి తన నగలమ్మి చదివించెననియు చెప్పుదురు. సోదరులిద్దరు స్ప్రూ అను జీర్ణకోశవ్యాధిచే కొద్దిదినముల తేడాలో మరణించిరి. అట్టి వ్యాధులకు మందు కనుఁగొనవలెనను పట్టుదలతో ఆయన అమెరికాకు పోయిరి.

ఆ ప్రయాణమునకు మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థయు తోడ్పడినవి. ఆ ధర్మద్రవ్యము వెనుకను ఒక వలస కథ యున్నది. సత్యలింగముగారు కోరంగి ప్రాంతమునుండి రంగూనునకు పోయి, అచట ఓడరేవు పనులలో గడించిన ధనమును ధర్మమునకు వ్రాసియిచ్చిన వారు. ఒకరు సముద్రము దాటి తెచ్చినది, మరియొకరు సముద్రము దాటుటకు పనికివచ్చినది.

సుబ్బారావుగారు బోస్టనులో చదువుకొనుచు, పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు ఎత్తిరి. 1925 లో రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్కేగారితో కలిసి ప్రకటించిరి. 1945 లో లెడర్లీ పరిశోధనశాలయందు ఆయన నడపిన బృందము ఫోలిక్ ఆమ్లమును తయారుచేసినది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అదియే ఔషధమైనది. సోదరుల ఋణము ఆయన లోకమునకు తీర్చిరనుటకు సందేహము లేదు.

అయితే ఆ జీవితమున మరియొక పేరు గలదు. భార్య శేషగిరిగారు ఇచటనే యుండిపోయిరి. వారికి కలిగిన కుమారుఁడు పసితనముననే పోయెను. 1948 ఆగష్టులో సుబ్బారావుగారు న్యూయార్కులో మరణించిరి; మాతృదేశమునకు తిరిగి రానేలేదు. ఆ పాతికేండ్లలో దంపతులు మరల కలిసికొనలేదు. ఇందుకు ఆయనను నిందించుట మా యుద్దేశము కాదు. 1923 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వార్హత లేదని తీర్పు చెప్పినది. 1924 చట్టము ఆసియావాసుల వలసకు తలుపు మూసినది. 1946 లో తలుపు తెరచినను, భారతీయులకు ఏఁటికి సుమారు నూరుమందికే అవకాశము. కావున, విడిపోయిన కుటుంబములనెల్ల గుణదోషముల లెక్కతోనే తూచరాదు. చట్టములును మనుష్యులను విడదీసినవి.

అయినను ఒక మాట అడుగవలసి యున్నది. తల్లి తానై నగలు తీసి యిచ్చినది, అది త్యాగము. నిరీక్షించుచు జీవితము గడపుమని భార్యను అడిగినవారెవరు? అడుగకయే తీసికొనిన దానిని త్యాగమని పొగడుట, తీసికొన్నవారి మనస్సునకు హాయియే గాని, ఇచ్చినవారికి న్యాయము కాదు.

పాశ్చాత్యదేశములలో యుక్తవయస్సు వచ్చినవాఁడు తన కాళ్లపై తాను నిలువవలెనని ఎంచుదురు. తన కొఱకు తల్లిదండ్రులు ఇల్లు అమ్ముకొనవలెనని కోరుటకు అనేకులు సిగ్గుపడుదురు. ఏది కోరినను నోరు తెరచి అడుగుట వారి మర్యాద. మన దేశమున ఒకని చదువు ఇంటిల్లిపాది చదువు. ఒకని ఉద్యోగము ఇంటిల్లిపాది అన్నము. ఇచ్చువారు అడిగించుకొనక యిత్తురు. రెండింటను గౌరవింపఁదగినది కలదు. పుచ్చుకొనునప్పుడు తూర్పు లెక్క, తిరిగి యిచ్చునప్పుడు పడమటి లెక్క వేయుటయే అన్యాయము. పొలము అమ్మించుకొనునప్పుడు "మన కుటుంబము" అనినవాఁడు, తల్లిని పిలువవలసి వచ్చినప్పుడు "నా యిల్లు, నా జీవితము" అనరాదు.

తల్లిదండ్రులును ఆలోచింపవలెను. ఇచ్చునాఁడు ప్రేమయని యిచ్చి, తరువాత దానిని బాకీగా వసూలు చేయఁజూచుట తగదు. బిడ్డ వివాహమును, వృత్తిని, నివాసమును ఆ బాకీకి వడ్డీగా అడుగువారిని మేమెఱుఁగుదుము. ఇచ్చినది ఋణమైనచో ముందే చెప్పుఁడు. ప్రేమయైనచో లెక్క చింపివేయుఁడు.

విద్యార్థులారా! పొండు. భీమవరమున కూర్చుండిన సుబ్బారావుగారివలన లోకమునకు అంత మేలు కలిగి యుండెడిది కాదు. అయితే పోవుటకు ముందు ఇంటివారినందఱిని, నోరులేని చెల్లెలితో సహా, కూర్చుండఁబెట్టి, "నా ప్రయాణమునకై మీరేమి కోలుపోవుచున్నారు?" అని అడుగుఁడు. ఆమె చదువు మానిపించి మీ చదువు సాగుచున్నదేమో అప్పుడు తెలియును. విన్నదానిని మఱవకుఁడు.

ఆ తల్లి చెప్పినట్లే మేము జవాబు వ్రాసి పంపితిమి. బడిపంతుళ్లమై యుండియు ఒక బాలునకు అబద్ధము వ్రాసితిమి గదా యని నాఁటినుండి మాకు నెమ్మది లేదు. ఈ పత్రిక పూర్వవిద్యార్థులకును చేరును గనుక, పేరు చెప్పక ఇచట దిద్దుకొనుచున్నాము: నాయనా, నీ తల్లి మోకాళ్లు బాగుగనే యున్నవి.